కరెంటు పోయినా ఉండగలిగే ఇల్లేనా? రామప్ప దారిలోని అద్దె ఫామ్‌హౌస్‌పై కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

సెలవులకు ఇల్లు అద్దెకు తీసుకునేవారు సాధారణంగా గదులు, పరుపులు, ఈతకొలను, చుట్టూ ఉన్న పచ్చదనం చూసి మాట్లాడుకుంటారు. హనుమకొండ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారికి కాస్త లోపలగా, పొలాల మధ్య ఉన్న ఈ ఫామ్‌హౌస్‌లో ఆ నాలుగింటికీ లోటు లేదు. రామప్ప గుడి, లక్నవరం చెరువు రెండింటికీ ఉదయం వెళ్లి మధ్యాహ్న భోజనానికి తిరిగి రావచ్చు. కొన్నేళ్లుగా వేసవిలోనూ దసరాకూ బంధువులందరం కలిసేందుకు ఈ ఇంటినే తీసుకుంటున్నాం కాబట్టి, ఒకటి రెండు రాత్రులు ఉండి వెళ్లేవారి కంట పడని సంగతులే ఇక్కడ రాస్తున్నాను. అవన్నీ కరెంటుకు, దాని మీద ఆధారపడిన నీళ్లకు సంబంధించినవి.

ఇల్లు లైను చివర ఉంది. మే నెలలో పగలంతా ఎండ కాసి సాయంత్రానికి గాలిదుమారం లేస్తే ఎండిన తాటికమ్మ ఒకటి తీగల మీద పడినా చాలు, ఈ వైపంతా చీకటే. దానికి ఎవరినీ తప్పుపట్టలేం. వాతావరణం అలాంటిది, లైను చెట్ల మధ్య నుంచి వస్తోంది. కరెంటు పోతుందని తెలిసిన చోట ఇల్లు అద్దెకిచ్చే యజమాని దానికి ముందుగా ఏం ఏర్పాటు చేశాడన్నదే నా ప్రశ్న.

పూర్తిగా కరెంటు పోవడం కంటే సగం పోవడం ఎక్కువ ఇబ్బంది. ఒక వేసవి రాత్రి వంటగదీ వెనక గదీ చీకట్లో ఉండగా హాల్లో ఫ్యాన్లు మామూలుగా తిరుగుతున్నాయి. ఇంటికి కరెంటు మూడు ఫేజుల్లో, అంటే మూడు వేరువేరు తీగల్లో వస్తుంది. వాటిని చూపించే వరండా బోర్డు మీది ఎరుపు, పసుపు, నీలం ఇండికేటర్లలో పసుపుది ఆరిపోయింది. ట్యాంకు అడుగంటిందని మా చిన్నమ్మ స్టార్టరు పచ్చ బటన్ మీద చెయ్యి పెట్టబోతుంటే, గేటు దగ్గరి నుంచి కాపలా పెద్దాయన పరుగున వచ్చి, "అమ్మా, మోటరు ఎయ్యకుండ్రి! రెండే ఫేజులున్నయి, కాలిపోతది" అని ఆపాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మూడు ఫేజుల మోటారుకు ఒక ఫేజు అందకపోతే అది మూలుగుతూ నిలబడిపోతుంది, లేదా మిగతా రెండు ఫేజుల నుంచి మోతాదుకు మించి కరెంటు లాగి వైండింగు కాల్చుకుంటుంది. బోరు మోటారు కాలితే దాన్ని పైకి లాగి, రీవైండింగు చేయించి, మళ్లీ దించేదాకా ఇంట్లో చుక్క నీరుండదు. దీన్ని అడ్డుకునే ప్రివెంటర్ అనే చిన్న పరికరం ఆనాటికి ఆ స్టార్టరులో లేదు. పెద్దాయన చేంజోవర్ స్విచ్ తిప్పి వంటగదిని వెలుగుతున్న ఫేజు మీదికి మార్చాడు. ఆ రాత్రి మాకు వంట సాగిందంటే ఆయన చలవే.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు తీగ కాలిపోయిందని మర్నాడు లైన్‌మన్ వచ్చాక తెలిసింది. ఆయన ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ దించి, తీగ వేసి, మళ్లీ ఎక్కించేసరికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అంతకుముందు రాత్రే ఆ పని తాను చేసేస్తానని పెద్దాయన అంటే మేమే వద్దన్నాం. పల్లెల్లో ఈ అలవాటు ఎంతమంది రైతుల ప్రాణాలు తీసిందో ఇక్కడివారికి చెప్పక్కర్లేదు.

నీళ్ల లెక్క చూస్తే ఇంటి బలహీనత ఇంకా స్పష్టమవుతుంది. మేడ మీద 1000 లీటర్ల ట్యాంకు ఒకటే ఉండేది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది ప్రమాణం. ఆ లెక్కన ఎనిమిది మందికి ఒక్క రోజైనా పూర్తిగా సరిపోదు, పిల్లలు ఈతకొలను నుంచి వచ్చి మళ్లీ స్నానాలు చేస్తే సాయంత్రానికే ఖాళీ. పల్లెల్లో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి నియమాల ప్రకారమే 48 గంటల గడువుంది కాబట్టి, అతిథుల ఇంట్లో కనీసం రెండు రోజుల నీళ్లు నిలవ ఉండాలని యజమానికి గట్టిగానే చెప్పాం. ఆయన మొదట "పల్లెల్లో ఇవన్నీ మామూలే కదండీ" అన్నా, ఆ తర్వాతి ఏడాదికి సంపు కట్టించి, దానికి ఏ ఫేజు మీదైనా నడిచే చిన్న సింగిల్ ఫేజు మోటారు పెట్టించాడు. స్టార్టరుకు ప్రివెంటర్ కూడా వచ్చింది. ఈ ఇంటికి జరిగిన మరమ్మతుల్లో ఇదే ముఖ్యమైనది, దీనికి ఆయన్ను మెచ్చుకోవాలి.

ఇన్వర్టర్ విషయంలో అంత మెచ్చుకోలేను. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్-అవర్లు. నష్టాలు పోగా చేతికందేది 1400 చిల్లర. 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు, 9 వాట్ల బల్బులు ఆరు వేస్తే నాలుగు గంటలు నడవాలి. ఫ్యాన్ల స్థానంలో తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగించాక ఎనిమిది గంటలు, అంటే రాత్రంతా రావాలి. ఫ్యాన్లు మార్చిన ఏడాది అలాగే వచ్చింది. ఇప్పుడు అందులో సగం కూడా రావడం లేదు. మూతలు తీసి చూస్తే డిస్టిల్డ్ వాటర్ గుర్తుకు బాగా కిందికి దిగి ఉంది, టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంది. నీళ్లు పోయించాక కొంత మెరుగైనా, బ్యాటరీ మార్చక తప్పదని ములుగు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ తేల్చాడు. ఏసీ, గీజర్ ఎలాగూ దీని మీద నడవవు. జనరేటర్ ఉందని ప్రకటనలో ఉన్నా, మేము అడిగిన ప్రతిసారీ అది టార్పాలిన్ కిందే ఉంది, డీజిలు మాత్రం లేదు.

ఈమధ్య కప్పు మీద సోలార్ పలకలు వచ్చాయి, వాటితోపాటు ప్రకటనలో "24 గంటల కరెంటు" అన్న మాటా వచ్చింది. అతిథులు జాగ్రత్తపడవలసింది ఇక్కడే. ఇది బ్యాటరీ లేని, గ్రిడ్‌తో, అంటే బయటి కరెంటు లైనుతో కలిపిన సోలార్. లైను మీద కరెంటు పోయిన మరుక్షణం దాని ఇన్వర్టర్ కూడా తనంతట తానే ఆగిపోతుంది. లేకపోతే కప్పు మీద పుట్టిన కరెంటు వెనక్కి తీగల్లోకి వెళ్లి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు ప్రమాదం. కాబట్టి మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ ఉన్నా, ఆ పలకల కరెంటుతో ఈ ఇంట్లో ఒక్క ఫ్యానూ తిరగదు. సోలార్ వల్ల యజమాని బిల్లు తగ్గుతుందే తప్ప అతిథికి ఒరిగేదేమీ లేదు.

ఫిర్యాదు సంగతీ చెప్పాలి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేస్తే సర్వీసు నంబరు అడుగుతారు. అది ఉన్న బిల్లు హైదరాబాదులో యజమాని దగ్గర, ఆయన ఫోను రాత్రి పదయితే స్విచాఫ్. ఇప్పుడు ఆ నంబరును మీటరు పక్కన గోడ మీద పెయింటుతో రాయించారు. దాని కింద సబ్‌స్టేషన్ నంబరు, ఎలక్ట్రీషియన్ నంబరు కూడా ఉన్నాయి. పైసా ఖర్చు లేని ఈ పనికి ఇన్నేళ్లు పట్టింది.

డబ్బు వాపసు విషయంలో యజమాని చెడ్డవాడు కాదు, కానీ మాట మీదే నడుపుతాడు. నీళ్లు లేక ఒక పూట ముందే బయల్దేరినప్పుడు అడిగితే సగం రోజు అద్దె తగ్గించాడు. మరోసారి అదే పరిస్థితిలో తగ్గించలేదు. అందుకే అడ్వాన్సు పంపేముందు, ఇన్ని గంటలకు మించి నీళ్లు లేకపోతే ఆ రోజు అద్దె లేదన్న షరతును వాట్సాప్‌లో రాయించుకుని, ఆయన "సరే" అన్నాకే డబ్బు పంపుతున్నాం.

చంటిపిల్లలు, పడకేసిన పెద్దవాళ్లు, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవాళ్లు వెంట ఉంటే ఏప్రిల్, మే నెలల్లో ఈ ఇల్లు వద్దు, హనుమకొండలోనే హోటల్ తీసుకోండి. రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే వారంలో కూడా ఇటు రాకండి. రోడ్డంతా బండ్లే కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిచినా చేరుకోలేడు. దసరా నుంచి సంక్రాంతి దాకా మాత్రం ఇబ్బంది చాలా తక్కువ, ఆ రోజుల్లో అడిగిన అద్దె ఇవ్వవచ్చు. బ్యాటరీ మార్చి, "24 గంటల కరెంటు" అన్న మాట ప్రకటనలోంచి తీసేసేదాకా వేసవిలో పూర్తి అద్దె చెల్లించడం సబబు కాదని మేము యజమానికే నేరుగా చెప్పాం. బ్యాటరీకి ఒప్పుకున్నాడు, ప్రకటన సంగతి ఇంకా తేల్చలేదు.