క్వీన్ చివరి ఆల్బమ్ వెంట: లండన్ ఎంత, మోంత్రో ఎంత?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ అభిమానులెవరైనా లండన్, మోంత్రో రెండిట్లో ఒక్కచోటికే వెళ్ళగలం, ఎటు వెళ్ళమంటారు అని అడిగితే తడుముకోకుండా మోంత్రో అంటాను. బ్యాండ్ పుట్టింది లండన్‌లో. దాని గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ కన్నుమూసిందీ లండన్‌లోనే. కానీ వాళ్ళ చివరి ఆల్బమ్ 'మేడ్ ఇన్ హెవెన్' అరిగిపోయేదాకా విన్నవాళ్ళు వెతుక్కునేది మాత్రం జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న స్విస్ ఊళ్ళోనే దొరుకుతుంది. రెండూ చూశాక అంటున్న మాట ఇది. ముందే ఒక సంగతి చెప్పేస్తాను: బ్రిటన్‌కి ఒక వీసా, స్విట్జర్లాండ్‌కి షెంజెన్ వీసా. రెండు దరఖాస్తులు, రెండు ఫీజులు, రెండింతల టెన్షన్. కాబట్టి ఎటు వెళ్ళాలన్నది ఉత్త కబుర్ల ప్రశ్న కాదు.

ఆల్బమ్ సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం. 1991 ఆరంభంలో దాని ముందు ఆల్బమ్ 'ఇన్యుయెండో' వచ్చేనాటికే ఫ్రెడ్డీకి ఎయిడ్స్ ముదిరింది. బయటి ప్రపంచానికి చెప్పలేదు. లండన్‌లో పత్రికలవాళ్ళు ఇంటి గేటు దగ్గరే కాపు కాస్తుంటే, మోంత్రోలో ఎవరూ పట్టించుకునేవారు కారు. అందుకని బ్యాండ్ సొంత స్టూడియో 'మౌంటెన్'లో ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో వచ్చి పాడేవాడు. మీరు ఏదో ఒకటి రాసివ్వండి, నేను పాడేస్తాను, మిగతాది తర్వాత మీరు పూర్తి చేసుకోండి అన్నాడని బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే చాలాసార్లు చెప్పాడు. 1991 నవంబర్ 23న జబ్బు గురించి ప్రకటన, 24న మరణం. మిగిలిన ముగ్గురూ ఆ గొంతు ముక్కల చుట్టూ సంగీతం కట్టి 1995 నవంబర్‌లో ఆల్బమ్ విడుదల చేశారు. నలుగురి పేరు మీద వచ్చిన ఆఖరి స్టూడియో ఆల్బమ్ అది. కొన్నేళ్ళకే బేస్ గిటారిస్ట్ జాన్ డీకన్ కూడా సంగీతం నుంచి తప్పుకున్నాడు.

పోయిన మనిషి నాలుగేళ్ళ తర్వాత కొత్త పాటలతో వస్తే ఎలా ఉంటుందో మా తరానికి బాగా గుర్తు. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పటికీ అభిమానుల్లో రెండు వర్గాలున్నాయి. అసలైన వీడ్కోలు 'ఇన్యుయెండో'యే, ఇది అతుకుల బొంత అని ఒక వర్గం. అతుకులున్నా ఆ గొంతు ఆఖరిసారి వినబడేది ఇక్కడే కదా అని రెండోది. నేను రెండో వర్గం. అలాగని అన్నీ నచ్చాయని కాదు. ఫ్రెడ్డీ 1985 సోలో ఆల్బమ్‌లోంచి తీసుకుని మళ్ళీ గిటార్లు దట్టించిన పాటల అవసరం నాకు ఇప్పటికీ కనబడదు.

ఇక లండన్. కెన్సింగ్టన్‌లో లోగన్ ప్లేస్ అనే సందులో గార్డెన్ లాడ్జ్ ఉంది, ఫ్రెడ్డీ ఇల్లు. ఒకప్పుడు ఆ ప్రహరీ నిండా అభిమానుల ఉత్తరాలు, రాతలు ఉండేవి. 2017లో వాటన్నిటినీ తీసేశారు. 2023లో ఇంట్లోని వస్తువులు వేలంలో అమ్ముడయ్యాయి. ఇప్పుడు ఎత్తైన గోడ, మూసిన తలుపు, అంతే. నాతో వచ్చిన మా తమ్ముడికి రాక్ సంగీతమంటే పెద్దగా పట్టదు. కాసేపు అటూ ఇటూ చూసి, "అన్నా, ఈ గోడ చూడ్డానికా వీసాకి అంత డబ్బు కట్టాం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చుట్టుపక్కల ఉండేవాళ్ళకి మనం ఇబ్బందే కాబట్టి అక్కడ గట్టిగా మాట్లాడకండి, ఎక్కువసేపు నిలబడకండి.

ఫెల్టమ్ కొంత నయం. జాంజిబార్ విప్లవం తర్వాత 1964లో ఫ్రెడ్డీ వాళ్ళ బుల్సారా కుటుంబం వచ్చి దిగిన శివారు ప్రాంతం. వాటర్లూ నుంచి లోకల్ ట్రైన్‌లో సుమారు అరగంట. ఇంటి మీద, ప్రముఖులు ఉన్న ఇళ్ళకి పెట్టే నీలం ఫలకం ఉంది, 2016లో పెట్టారు. పంచ్‌గని బోర్డింగ్ స్కూల్లో చదివిన పార్సీ కుర్రాడు ఈ మామూలు ఇంట్లోంచి వెళ్ళి ఆ స్టేడియాలు నింపాడా అని కాసేపు ఆశ్చర్యపోవచ్చు. కానీ ఆఖరి ఆల్బమ్‌తో దీనికి సంబంధం లేదు. లండన్ ఎలాగూ వెళ్తున్నారంటే ఒక పూట కేటాయించండి, దీనికోసమే వెళ్ళకండి.

జెనీవా విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్. మోంత్రోకి నేరుగా రైళ్ళున్నాయి, గంట పైచిలుకు ప్రయాణం. కుడివైపు కిటికీ పట్టుకోండి. లోజాన్ దాటాక లావో ద్రాక్షతోటలు మెట్లుమెట్లుగా సరస్సులోకి దిగుతుంటాయి. మా తమ్ముడు ఫోన్ జేబులో పెట్టి చూసిన మొదటి దృశ్యం అదే.

స్టేషన్ నుంచి కిందికి నడిస్తే కొద్దిసేపట్లోనే మార్కెట్ చౌక్, దాని అంచున ఫ్రెడ్డీ విగ్రహం. మూడు మీటర్ల ఎత్తు, ఒక చెయ్యి పైకెత్తి సరస్సు వైపు చూస్తూ ఉంటాడు. చెక్కినావిడ ఇరేనా సెడ్లెట్‌స్కా. లండన్‌లో చోటు కుదరక చివరికి ఇక్కడ 1996 నవంబర్ 25న ఆవిష్కరించారు. ఆవిష్కరణకి ముందే వచ్చిన ఆల్బమ్ అట్ట మీద ఉన్నదీ ఈ విగ్రహమే. అట్ట మీద ఆకాశం, నీళ్ళు, ఆ ఒంటరి ఆకారం చూసి నేను ఏదో పెద్ద ఏకాంతం ఊహించుకున్నాను. నిజానికి అక్కడ ఎప్పుడూ జనమే. సెల్ఫీలు, ఐస్‌క్రీములు, అదే భంగిమలో చెయ్యెత్తే పిల్లలు. పాదాల దగ్గర పూలు, ఉత్తరాలు. ప్రశాంతంగా చూడాలంటే పొద్దున్నే వెళ్ళండి. నాకైతే ఆ సందడే నచ్చింది. ఆ మనిషికి జనం లేకపోతే తోచేదా?

అసలు విషయం క్యాసినోలో ఉంది. 1971 డిసెంబర్‌లో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా తగలబడిపోయింది ఇక్కడి పాత క్యాసినోయే. డీప్ పర్పుల్ బ్యాండ్ దాని మీదే 'స్మోక్ ఆన్ ద వాటర్' అనే ప్రసిద్ధమైన పాట కట్టింది. మళ్ళీ కట్టిన క్యాసినోలో మౌంటెన్ స్టూడియో పెట్టారు. 1978లో 'జాజ్' ఆల్బమ్ రికార్డింగ్‌కి వచ్చిన క్వీన్ వాళ్ళకి నచ్చి ఏడాదిలో స్టూడియోనే కొనేశారు. 2013 నుంచి అది మ్యూజియం. స్లాట్ మెషిన్ల గణగణలు దాటుకుని లోపలికి వెళ్ళాలి, అదొక వింత. మేం వెళ్ళినప్పుడు టికెట్ లేదు. తోచింది డబ్బాలో వేస్తే మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్ట్‌కి, అంటే ఎయిడ్స్ మీద పనిచేసే సంస్థకి వెళ్తుంది. తెరిచి ఉందో లేదో బుకింగ్‌కి ముందే కనుక్కోండి. అది మూసి ఉంటే ఈ ప్రయాణంలో సగం పోయినట్టే.

మ్యూజియం పెద్దదేం కాదు. చేత్తో రాసిన పాటల కాగితాలు, దుస్తులు, వాయిద్యాలు త్వరగానే చూసేయొచ్చు. ఆగాల్సింది కంట్రోల్ రూమ్‌లో. అక్కడి మిక్సింగ్ బల్ల మీద మీటలు జరిపి 'మేడ్ ఇన్ హెవెన్'లోని 'మదర్ లవ్' పాట ట్రాకులు మనమే కలుపుకోవచ్చు. డ్రమ్స్ తగ్గించి, కీబోర్డు తగ్గించి, గొంతు ఒక్కటే పైకి తెస్తే ఆ మనిషి నిల్చోవడానికే కష్టపడుతున్న రోజుల్లో ఎంత ఎత్తుకి పాడాడో తెలుస్తుంది. పక్కన మా తమ్ముడు. పాట చివరికొస్తుండగా, "అన్నా, ఇక్కడ గొంతు మారిందేంటి?" అన్నాడు.

మారింది. ఆఖరి చరణం మిగిలి ఉండగా ఫ్రెడ్డీ, ఇక ఓపిక లేదు, మళ్ళీ వచ్చి పూర్తి చేస్తానని వెళ్ళాడు. రాలేదు. ఆ చరణం బ్రయాన్ మే పాడాడు. ఎన్నో ఏళ్ళుగా నాకు తెలిసిన కథే ఇది. ఎవరికో చెప్పడం మాత్రం అదే మొదటిసారి, అదీ ఆ గదిలో. మావాడు ఏమీ అనకుండా పాట మళ్ళీ మొదట్నుంచి పెట్టాడు. వెనక వరుసలో ఎదురుచూస్తున్న పెద్దావిడ ఒకరు తొందరపెట్టకపోగా, కళ్ళు తుడుచుకుంటూ ఆ చరణం దగ్గర మీట ఎలా జరపాలో చూపించింది. భాష కలవలేదు, అవసరమూ రాలేదు. బయట అభిమానులు రాసుకునే గోడ ఉంది. జపనీస్, స్పానిష్, పోలిష్, ఎన్నో లిపులు. చాలావరకు థాంక్యూలే. మావాడు తెలుగులో ఒక ముక్క రాశాడు. ఏం రాశాడో చూడనివ్వలేదు.

బస విషయం. ముందు సరస్సుకి ఎదురుగా ఉన్న పాతకాలపు పెద్ద హోటల్లో దిగాం. బాల్కనీ అద్భుతం, పరుపులు బాగున్నాయి, కానీ రిసెప్షన్ వాళ్ళు రివియేరా కార్డ్ మాటే ఎత్తలేదు. ఊళ్ళో రాత్రి బసచేసే వాళ్ళకి ఇచ్చే కార్డ్ అది. లోకల్ బస్సులు ఉచితం, చాలా చోట్ల టికెట్‌లో సగం దాకా తగ్గింపు. అడిగాక తాపీగా తీసిచ్చారు. మీరు తాళంతో పాటే అడిగి తీసుకోండి. తర్వాత మారిన కొండవైపు చిన్న గెస్ట్‌హౌస్ అద్దె దాదాపు సగమే. ఇల్లావిడ కార్డ్ చేతిలో పెట్టి, బస్సుల వేళలు కాగితం మీద రాసిచ్చింది. లోపం ఏమిటంటే కిందే రైలు పట్టాలు, పైగా నిటారు మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్ళు వెళ్ళొద్దు. మళ్ళీ వెళ్తే నేను మాత్రం అక్కడే దిగుతాను. మిగిలిన డబ్బు తిండికి కావాలి, స్విట్జర్లాండ్‌లో తిండి ఖర్చు మామూలుగా ఉండదు. సూపర్‌మార్కెట్లో సలాడ్, బ్రెడ్, పెరుగు కొనుక్కుని ఒడ్డున బెంచీ మీద తినడమే మేలు. ఆదివారం స్టేషన్ దగ్గరివి తప్ప దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి, శనివారమే కొని పెట్టుకోండి.

ఆ బెంచీలకి ఇంకో ఉపయోగముంది. ఆల్బమ్ సీడీ చివర్లో 22 నిమిషాలకి పైగా సాగే, పేరు కూడా వేయని ట్రాక్ ఒకటి ఉంది. పాట కాదు, ధ్వని మాత్రమే. ఇంట్లో ఎప్పుడూ పూర్తిగా వినలేదు, నిజానికి విసుగు. సరస్సు ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే పూర్తయిందని కూడా తెలియలేదు. ఆ ట్రాక్ మీద నా అభిప్రాయం మార్చుకున్నాను. గిటార్లు దట్టించిన పాటల మీద మార్చుకోలేదు.

క్లారెన్స్ వైపు ఒడ్డున ఫ్రెడ్డీ ఉన్న ఇల్లు ఉంది కానీ అది ప్రైవేటు ఆస్తి, దారిలోంచి చూసి వచ్చేయడమే. షియోన్ కోట 201 నంబర్ బస్సులో వెళ్ళొచ్చు, బాగుంది. కొండ రైల్లో రోషే ద నే శిఖరానికి మేఘాలున్న రోజున వెళ్ళొద్దు, పైన ఏమీ కనబడదు, డబ్బు దండగ.

ఎప్పుడు వెళ్ళాలంటే: జూలైలో జాజ్ ఫెస్టివల్, గదులు దొరకవు, దొరికినా ధర అందదు. సెప్టెంబర్ మొదట్లో ఫ్రెడ్డీ పుట్టినరోజు వేడుకలు, అభిమానుల మధ్య ఉండాలనుకునేవాళ్ళకి అదే సరైన సమయం, గది మాత్రం నెలల ముందే చూసుకోవాలి. నవంబర్‌లో చలి, మంచు పొగ, సగం కేఫ్‌లు ఖాళీ. ఆల్బమ్ కోసమే వెళ్తున్నారంటే నా ఓటు నవంబర్‌కే. మిక్సింగ్ బల్ల దగ్గర క్యూ ఉండదు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పెట్టుకోవచ్చు.