బస్సు దిగేలోపు ఒక ఆల్బమ్

నల్గొండ నుంచి మిర్యాలగూడకు బస్సులో గంట పైనే పడుతుంది. అక్కడ ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పొద్దున పోయేటప్పుడు ఒక ఆల్బమ్, రాత్రి వచ్చేటప్పుడు ఇంకొకటి. మొదటి పాట నుంచి చివరిదాకా వరుసగా వింటాను, మధ్యలో దేన్నీ దాటేయను. ఈ ఏడాదంతా ఇండీ, ఆల్టర్నేటివ్ రాకే నడిచింది, అంటే అందరూ పోయే దారిలో పోకుండా తమ తీరులో పాటలు చేసుకునే బ్యాండ్లు.

నాకు అన్నిటికన్నా దగ్గరైంది ఆర్కేడ్ ఫైర్ వాళ్ళ ‘ఫ్యూనరల్’. మాంట్రియల్ బ్యాండ్, 2004లో వచ్చింది. ఆ రోజుల్లోనే వాళ్ళ ఇళ్ళలో ఒకరి తర్వాత ఒకరు పెద్దవాళ్ళు పోయారు, అందుకే ఆ పేరు. ఏడుపు పాటలు ఉంటాయనుకుని పెట్టాను. వింటే ఒకటే మోత. డ్రమ్ములు, వయొలిన్లు, అకార్డియన్, అందరూ కలిసి గొంతెత్తి అరవడం. చావు పేరు పెట్టి ఇంత మోతేంటని ఎవరికైనా అనిపించొచ్చు గానీ మా వైపు వాళ్ళకు అనిపించదు. మా నాయినమ్మ పోయిన రోజు ఇంటి ముందు మొదలైన డప్పు, పాడె కాటికి చేరేదాకా మోగుతూనే ఉంది. గడ్డి మంట మీద డప్పులు కాచుకున్న ఆ కాసేపే ఆగింది. మా నాన్న ఏడ్చింది కూడా ఆ కాసేపే. మళ్ళీ దెబ్బ పడగానే లేచి నిలబడ్డాడు. ‘రెబెలియన్’ పాటలో విడవకుండా కొట్టే డ్రమ్ము వింటే నాకు ఆ పొద్దే గుర్తొస్తుంది. చివరి పాట ఆ బ్యాండ్‌లోని రెజీన్ పాడుతుంది. కారులో వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూడటం ఇష్టమని మొదలుపెడుతుంది. పెద్దవాళ్ళు రాలిపోతుంటే ఇక బండి మనమే నడపాలి కదా అన్నట్టు ముగుస్తుంది. అది వింటూ రెండుసార్లు బస్సులోనే కళ్ళు తుడుచుకున్నాను.

స్ట్రోక్స్ వాళ్ళ 2001 నాటి ‘ఈజ్ దిస్ ఇట్’ దారిలో తిప్పర్తి దాటగానే అయిపోతుంది. గిటార్లు చాలా బాగున్నాయి, కానీ పాడే మనిషి అప్పుడే నిద్ర లేచి ఫోన్లో మాట్లాడినట్టు ఉంటాడు. నాకు పట్టలేదు. ‘లవ్‌లెస్’ మాత్రం బస్సులో వినకండి. మై బ్లడీ వాలెంటైన్ బ్యాండ్ 1991లో చేసిన ఆ గిటార్ హోరు, ఇంజన్ హోరు కలిసిపోయి ఏదేదో అర్థం కాదు. ఇంట్లో అందరూ పడుకున్నాక మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, ఆ హోరు కింద ఎంత మెత్తటి రాగం ఉందో తెలిసింది. రేడియోహెడ్ ‘ఓకే కంప్యూటర్’ గురించి అందరూ చెప్పిందే. నేను మాత్రం అందులోని ‘లెట్ డౌన్’ పాట చివర్లో, పాడే థామ్ యార్క్ గొంతు రెండుగా విడిపోయి ఒకదాని మీద ఒకటి పారే చోటు కోసమే మళ్ళీ మళ్ళీ వెళ్తాను.

జస్టిన్ వెర్నన్ ‘బాన్ ఇవేర్’ అన్న పేరుతో చేసిన ‘ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో’ రాత్రి బస్సుకు సరిపోతుంది. విస్కాన్సిన్ చలిలో, నాన్న కట్టుకున్న చెక్క ఇంట్లో ఒక్కడే ఉండి, తన గొంతు మీద తన గొంతునే పేర్చుకుంటూ చేశాడు. మే నెలలో, ఇనుప కడ్డీ పట్టుకుంటే చెయ్యి కాలే బస్సులో విన్నా చలేసింది.

ఇక న్యూట్రల్ మిల్క్ హోటల్ అనే బ్యాండ్ 1998లో తెచ్చిన ‘ఇన్ ది ఏరోప్లేన్ ఓవర్ ది సీ’. అందులో పాడే జెఫ్ మాంగమ్ గొంతు పైకి పోయేకొద్దీ పగులుతుంది, అయినా తగ్గడు. నాటు వేస్తూ పాడే ఆడవాళ్ళు కూడా అంతే, అందని చోట ఇంకా గట్టిగా అందుకుంటారు. వెనక సన్నగా ఏడ్చినట్టు వినిపించేది వడ్రంగి రంపం, దాన్ని వంచి కమానుతో వాయించారు. ఎనిమిది నిమిషాల పాట ఒకటి ఉంది, అది అయిపోగానే దూరంగా ఎవరో పట్టలేక వేసిన కేక అలాగే ఉంచేశారు. చివరి పాట తర్వాత ఇంకో చిన్న చప్పుడు ఉందని చాలా రోజులు నాకు తెలియదు. ఒకరోజు వేములపల్లి దగ్గర డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. అప్పుడు వినపడింది: గిటార్ కింద పెట్టిన చప్పుడు, లేచి నడిచి వెళ్ళిపోతున్న అడుగులు.