హ్యాండ్ బ్లెండరా, మిక్సీయా: రెండేళ్ల వాడకం తరువాత

పళ్లు తీయించుకున్న మా అత్తగారికి కొన్ని నెలల పాటు మెత్తని భోజనమే పెట్టవలసి వచ్చినప్పుడు, 750 వాట్ల మిక్సీ ఇంట్లో ఉండగానే, చేత్తో పట్టుకుని గిన్నెలోనే ముంచి తిప్పే 300 వాట్ల హ్యాండ్ బ్లెండర్ కూడా కొన్నాము. రెండేళ్లుగా రెండూ ఒకే వంటగట్టు మీద ఉన్నాయి. వీటిలో ఏది కొనాలని ఎవరైనా అడిగితే, మీ ఇంట్లో రోలు పని ఎక్కువా, పప్పుగుత్తి పని ఎక్కువా అని నేను ఎదురు ప్రశ్న వేస్తున్నాను.

మిక్సీ రోలుకు వారసురాలు. నానిన మినప్పప్పు గానీ, వేయించిన ధనియాలు గానీ మళ్లీ మళ్లీ బ్లేడు మీదికి వచ్చి పడాలంటే మూత బిగించిన జారు, బలమైన మోటారు ఉండాలి. గోంగూర పచ్చడి కోసం వేయించిన ఎండుమిరపకాయలను హ్యాండ్ బ్లెండర్‌తో పాటు వచ్చిన పొడవాటి గ్లాసులో వేసి చూశాను. గింజలు అడుగున అలాగే మిగిలాయి, తొక్కలు అంచులకు ఎగిరి అంటుకున్నాయి, నిమిషం తిరగకముందే పిడి వేడెక్కింది. దానికి జతగా ఇచ్చిన చాపర్ గిన్నె ఉల్లిపాయల వరకు పరవాలేదు గానీ, మూతలోని ప్లాస్టిక్ గేరు ఎనిమిది నెలలకే అరిగిపోయింది. అది విడిగా దొరకదని సర్వీసు సెంటరు వారు చేతులెత్తేశారు. మోటారును జారుకు కలిపే మిక్సీ కప్లర్ అరిగినప్పుడు మాత్రం మా వీధి చివరి రిపేరు దుకాణంలో నిలబడి ఉండగానే మార్చి ఇచ్చారు.

విదేశాల్లో ఎక్కువగా కనిపించే పెద్ద గాజు జారు బ్లెండరు మిక్సీతో సమానమనుకోవడం కూడా పొరపాటే. అది పండ్లరసాలు, సూపుల వంటి పలుచని వాటికి రూపొందినది. 1960వ దశకంలో ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ సుమీత్ అనే మన దేశపు మిక్సీని తయారు చేయడానికి కారణం, విదేశీ యంత్రం మన రుబ్బుడుకు తట్టుకోలేకపోవడమే. అమెరికాలోని మనవాళ్లలో చాలామంది నేటికీ 110 వోల్టుల మిక్సీని వెతికి మరీ కొనుక్కుంటారు.

అయితే వేడి వంటకం దగ్గర మిక్సీ ఓడిపోతుంది. ఉడికిన టమాటాలను చల్లారనివ్వకుండా జారులో వేసి తిప్పితే ఆవిరి మూతను ఎగదన్నుతుంది; మా వంటింటి గోడ మీది ఎర్రని మరక అలా వచ్చినదే. హ్యాండ్ బ్లెండర్‌కు ఈ బెడద లేదు, పొయ్యి ఆపి గిన్నెలోనే పని ముగించవచ్చు. బ్లేడును కప్పిన గొడుగు పూర్తిగా మునిగిన తరువాతే మీట నొక్కాలి, తిరగడం ఆగిన తరువాతే పైకి తీయాలి, కాస్త వాల్చి పట్టుకోవాలి. నిట్టనిలువుగా ఆనిస్తే గిన్నె అడుగుకు అతుక్కుపోయినట్లు పట్టేస్తుంది. నాన్‌స్టిక్ గిన్నెలో పెడితే పూత గీరుకుపోతుంది. పాలకూర పప్పుకు మూడు నొక్కులు చాలు, నాలుగో నొక్కుకు అది పసిపిల్లల ఉగ్గుగా మారిపోతుంది. మా అత్తగారికి అప్పట్లో కావలసింది ఆ ఉగ్గే కనుక, కొన్న ఉద్దేశం నెరవేరింది. మజ్జిగకైతే కవ్వం అవసరమే లేకుండా పోయింది.

ఒక్కటే కొనగలిగిన వారు మిక్సీనే కొనాలి; పచ్చళ్లు, పొడులు లేని తెలుగు వంటిల్లు నాకు తెలిసి లేదు. పసిపిల్లలో, నమలలేని పెద్దలో ఉన్న ఇంటికి మాత్రం హ్యాండ్ బ్లెండర్ రెండో యంత్రంగా తప్పక ఉపయోగపడుతుంది. కొనేటప్పుడు కాడ స్టీలుదై, విడదీయడానికి వీలుగా ఉన్నది ఎంచుకోవాలి, ఎందుకంటే ప్లాస్టిక్ కాడకు పసుపు రంగు పట్టిందంటే ఎంత తోమినా వదలదు. మీట నొక్కి పట్టుకుంటేనే తిరిగే యంత్రాలే ఎక్కువ కనుక, చేతి నొప్పులున్న వారు దుకాణంలోనే పిడిని ఒకసారి పట్టి, నొక్కి చూసుకోవడం మంచిది.