ట్యాబు చెప్పిన మెట్టు, బడి అడిగిన తరగతి: రెండున్నరేళ్ల వాడకం తరువాత

విజయవాడలో అజిత్ సింగ్ నగర్ వైపున ఉన్న ఒక నగరపాలక ఉన్నత పాఠశాలలో నేను లెక్కల టీచరును. పిల్లల స్థాయిని బట్టి పాఠాన్నీ ప్రశ్ననూ తానే మార్చుకునే సాఫ్ట్‌వేర్ ఉన్న 20 ట్యాబులు 2023 జూన్‌లో మా బడికి వచ్చాయి. అప్పటి నుంచి ఆరు, ఏడు తరగతుల పిల్లలతో, మొదట్లో వారానికి మూడు పీరియడ్ల చొప్పున, వాటిని వాడిస్తున్నాను. ఏడాదిన్నరగా నా ఫోనులోని కృత్రిమ మేధ సహాయకుడిని కూడా పాఠం తయారీకి తోడు పెట్టుకున్నాను. ట్యాబుల పెట్టె విప్పిన వారానికే రాసిన మెచ్చుకోళ్లు ఇప్పటికే చాలా ఉన్నాయి కనుక, మోజు తీరి, ఛార్జర్లు సగం పాడయ్యాక నేను ఇది రాస్తున్నాను.

ముందుగా దాని బలం చెప్పాలి. మొదటి వారంలో అది పెట్టిన స్థాయి పరీక్షలో మా ఏడో తరగతి పిల్లలు 38 మందిలో ఎక్కువమంది నాలుగు, అయిదు తరగతుల లెక్కల దగ్గరే ఆగిపోయారు. ఇది నాకు తెలియని సంగతేమీ కాదు, కానీ పిల్లలు వెనకబడ్డారని పొద్దస్తమానం అనుకోవడం వేరు, ఎవరు ఏ మెట్టు మీద నిలబడ్డారో పేరుపేరునా కాగితం మీద చూడటం వేరు. ఢిల్లీలో ఇటువంటి సాఫ్ట్‌వేర్‌తో బడి వేళల తరువాత నడిపిన కేంద్రాలను పరిశీలించి, కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 2019లో ప్రచురించిన అధ్యయనం కూడా ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారనే చెప్పింది. అది చదువుతున్నప్పుడు మా హాజరు పట్టీ చూస్తున్నట్టే అనిపించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చమంటుంది, అది న్యాయమే. అలా చేరిన పిల్లలు తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా అదే చట్టం అంటుంది గాని, ఆ రెండో మాట మా టైంటేబుల్‌లో ఎక్కడా కనబడదు. ట్యాబు ఆ ఖాళీలోకి వచ్చింది.

దాని బలహీనత నాకు మొదటి ఏడాది దసరా సెలవుల ముందు తెలిసింది. ఒక పిల్లవాడు 52 నుంచి 27 తీసివేసి 35 అని నొక్కాడు. తప్పు అని చూపించి, ట్యాబు అతణ్ని ఒక అంకె తీసివేతలకు దించింది. అక్కడ అన్నీ సరిగ్గా చేశాడు కనుక మళ్లీ పైకి ఎక్కించింది, అతను మళ్లీ అదే తప్పు చేశాడు. మూడు వారాల పాటు వాడి చదువు వైకుంఠపాళి ఆటలా సాగింది. చివరికి పక్కన కూర్చుని, ఎలా చేశావో పైకి చెప్పమన్నాను. “రెండులోంచి ఏడు పోదు కదా టీచర్, అందుకని ఏడులోంచి రెండు తీశా” అన్నాడు. అయిదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు వాడి చేతిలో పెట్టి, నాకు 27 రూపాయలు ఇమ్మన్నాను. కాసేపు తటపటాయించి, “ఒక నోటుకు చిల్లర కావాలి టీచర్” అన్నాడు. మూడు వారాల్లో ట్యాబు చేయలేని పని ఆ చిల్లరతో పది నిమిషాల్లో అయింది. అది జవాబును మాత్రమే చూస్తుంది, ఆ జవాబు వెనక పిల్లవాడు వేసిన అడుగు దానికి కనబడదు.

తరువాతి ఏడాది మరో పిల్ల నోటుపుస్తకంలో ఇదే తప్పు కనబడినప్పుడు, ఆ పేజీని పేరు కనబడకుండా ఫొటో తీసి ఫోనులోని సహాయకుడికి చూపించాను. ప్రతి నిలువు వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తోందని అది వెంటనే పట్టుకుంది, ఆ తప్పు బయటపడేలా అయిదు లెక్కలు కూడా ఇచ్చింది. ఈ విషయంలో దానికి పూర్తి మార్కులు వేస్తాను.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండూ తడబడతాయి. 1/4ను ట్యాబు ‘నాల్గింట ఒక వంతు’ అని చదువుతుంది. సాయంత్రం పూట తల్లితో కూరగాయల బండి దగ్గర నిలబడే ఒక అమ్మాయి, మూడు కంటే నాలుగు పెద్దది కనుక 1/3 కంటే 1/4 పెద్దదని వరుసగా నొక్కుతూ పోయింది. పావుకిలోలు ఎన్ని తూస్తే కిలో అవుతుందని అడిగాను, నాలుగు అంది. మూడు తూకాలకే కిలో అయిపోవాలంటే ఒక్కో తూకం పావుకిలో కంటే పెద్దదిగా ఉండాలా, చిన్నదిగానా అంటే నవ్వేసింది. “పెద్దదే టీచర్, లేకపోతే మూడింటికి కిలో ఎట్టా అవుద్ది?” పావు, అర, ముప్పావు అనే మాటలతోనే లెక్కలు రాసిపెట్టమని ఆ రాత్రి సహాయకుడిని అడిగితే, మొదట పిజ్జా ముక్కలతో వచ్చింది. బజారు లెక్కలే కావాలని గట్టిగా చెబితే రాసింది గాని, ఒకచోట ముప్పావును మూడో వంతుగా లెక్క కట్టింది. అది ఇచ్చిన ఏ లెక్కనైనా నేను ఒకసారి చేత్తో చేసుకోకుండా పిల్లలకు ఇవ్వను.

మొదటి ఏడాది అంతా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టించి, ఎవరి తెర వారిని చూసుకోనిచ్చాను. రెండో ఏడాది హెడ్‌మాస్టారు ఒప్పుకోవడంతో ఆరు, ఏడు తరగతుల లెక్కల పీరియడ్లను ఒకే వేళకు మార్చి, పిల్లలను తరగతిని బట్టి కాక మెట్టును బట్టి మూడు గదుల్లో కూర్చోబెట్టాము. ఇది మేము కనిపెట్టింది కాదు. మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ విద్యాకేంద్రం వారు చుట్టుపక్కల పల్లె బడుల్లో ఏ కంప్యూటరూ లేకుండానే, నిచ్చెన పటం, కార్డుల సాయంతో ప్రతి పిల్లా తన మెట్టు నుంచి మొదలుపెట్టే పద్ధతిని ఏనాడో నడిపారు.

ఇంతలో 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా పేటను ముంచింది. కింది అంతస్తు బీరువాలోని ట్యాబులు నీళ్లలో నానిపోయాయి, పై గదిలో ఛార్జింగుకు పెట్టిన నాలుగు మాత్రం మిగిలాయి. బడి తెరిచాక ఆగస్టులో నేను అచ్చు తీసుకున్న స్థాయి జాబితా చూసుకుంటూ, అట్టముక్కల మీద చేత్తో లెక్కలు రాసి, అవే మూడు గదులు మళ్లీ నడిపాము. పిల్లలు పెద్దగా నష్టపోలేదని ఒప్పుకోవాలి. పైగా ఒకరికొకరు చెప్పుకోవడం పెరిగింది. అయితే డిసెంబరు వచ్చేసరికి జాబితా పాతబడింది. ఎవరు మెట్టు ఎక్కారో, ఎవరిని గది మార్చాలో అంతమందికి లెక్క పెట్టుకోవడం నా వల్ల కాలేదు. సంక్రాంతి తరువాత కొత్త ట్యాబులు వచ్చినప్పుడు నేను సంతోషించింది ఆ ఒక్క పని కోసమే. ఇప్పుడు వారానికి ఒక పీరియడే ట్యాబు, మిగిలినవి కార్డులు, మాటలు.

చిన్న ఫిర్యాదులు కూడా ఉన్నాయి. నెట్ పోతే పిల్లలు చేసిన పని నమోదు కాదు. చూడకుండా టకటకా నొక్కే పిల్లవాడిని అది చదువు రానివాడిగా లెక్కిస్తుంది. టీచరుకు చూపించే పట్టికలో ఎన్ని నిమిషాలు వాడారన్నది పెద్ద అక్షరాల్లోనూ, ఏమి నేర్చుకున్నారన్నది నాలుగు నొక్కుల లోపలా ఉంటుంది. సమీక్షా సమావేశాల్లో పైవారు అడిగేదీ ఆ నిమిషాలే.

పెద్ద ఫిర్యాదు ట్యాబు మీద కాదు. చిల్లర అడిగిన ఆ పిల్లవాడు ఏడో తరగతి ముగిసేసరికి దాదాపు రెండు తరగతుల మేర పైకి వచ్చాడు. కానీ సమ్మేటివ్ (ఏడాది చివరి) పరీక్షలో ఇచ్చింది ఏడో తరగతి పేపరు. సామాన్య సమీకరణాల దగ్గరికి వాడు ఇంకా చేరలేదు, మార్కులు నిరుటి లాగే వచ్చాయి. ప్రగతి కార్డు తీసుకోవడానికి వచ్చిన వాళ్లమ్మ, “ట్యాబులో చుక్కలు పడుతున్నాయని మురిసిపోతున్నాడు, మార్కులు మాత్రం రావేంటి టీచర్?” అని అడిగింది. కార్డులో ఆ సంగతి రాయడానికి గడి లేదు. సంతకం పక్కన ఉన్న ఖాళీలో, ‘తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు వచ్చాయి, భిన్నాలు నడుస్తున్నాయి’ అని రాసి ఆమెకు చదివి వినిపించాను.