హాంకాంగ్‌లో ఆరు రోజులు: చూడడం చవక, పడుకోవడం ఖరీదు

నవంబరు నెలలో నేను, మా ఆవిడ, అరవై ఐదేళ్ళ మా అమ్మ కలిసి హాంకాంగ్‌లో ఆరు రోజులు గడిపి వచ్చాము. ఇంటికి వచ్చి ఖర్చుల లెక్క వేసుకుంటే, విమాన టికెట్లు కాక పెట్టిన డబ్బులో సగానికి పైగా గదుల అద్దెకే పోయిందని తేలింది. మాకు బాగా నచ్చిన చోట్లలో చాలావాటికి ప్రవేశ రుసుమే లేదు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు బయలుదేరే ముందు ఆన్‌లైన్‌లో చేసుకోవలసిన ముందస్తు నమోదుకు కూడా రుసుము లేదు. అది ఆమోదం పొందితే ఒక్కో పర్యటనలో 14 రోజుల వరకు ఉండవచ్చు.

ముందు బస సంగతి చెబుతాను. మొదటి మూడు రాత్రులకు కౌలూన్‌ వైపు రేవు దగ్గర ఉన్న చిమ్‌ షా చుయ్‌ ప్రాంతంలో, నేథన్‌ రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక పాత బహుళ అంతస్తుల భవనంలో అతిథి గృహం తీసుకున్నాము. ఫోటోలో విశాలంగా కనిపించిన ఆ గదిలో సూట్‌కేసు తెరవాలంటే ఒకరు మంచం మీదికి ఎక్కి కూర్చోవలసి వచ్చింది. స్నానాల గదిలో షవరు సరిగ్గా కమోడ్‌ నెత్తిన ఉండడంతో, ఒకరు స్నానం చేశాక గంటసేపు నేల ఆరేది కాదు. రోజూ పొద్దున లిఫ్టు కోసం పది నిమిషాలు నిలబడడం వేరే. అయినా అక్కడి నుంచి రేవు, మెట్రో, ఇడ్లీ దోశలు దొరికే దక్షిణాది హోటళ్ళు అన్నీ నడక దూరంలో ఉండడం వల్ల ఆ మూడు రోజులూ ఇబ్బంది లేకుండానే గడిచిపోయాయి. తరువాతి రెండు రాత్రులు హాంకాంగ్‌ ద్వీపంలోని నార్త్‌ పాయింట్‌లో దాదాపు రెట్టింపు అద్దెకు ఒక హోటల్లో దిగాము. గది పెద్దదేమీ కాదు గాని, తలుపు తెరిస్తే మంచానికి తగలదు. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవారు మొదటి రోజు నుంచే ఇలాంటి హోటల్‌ చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

హాంకాంగ్‌లో ఒక్కటే చేయగలిగితే ఏం చేయాలని ఎవరైనా అడిగితే స్టార్‌ ఫెర్రీ ఎక్కమంటాను. చిమ్‌ షా చుయ్‌ నుంచి హాంకాంగ్‌ ద్వీపంలోని సెంట్రల్‌ రేవుకు విక్టోరియా హార్బరు మీదుగా పది నిమిషాల లోపు ప్రయాణం. మేము వెళ్ళినప్పుడు పై అంతస్తుకు ఐదు హాంకాంగ్‌ డాలర్లు, అంటే మన లెక్కలో యాభై అరవై రూపాయల మధ్య పడింది. పడవకు ముందు వెనుకలు లేవు, రెండు కొసలూ ఒకటే. అందుకే చెక్క బల్లల వీపులను ఏ వైపుకంటే ఆ వైపుకు తిప్పుకునే ఏర్పాటు ఉంది. ఆ బల్లల్లో చిన్న చిన్న రంధ్రాలు నక్షత్రం ఆకారంలో ఉన్నాయని మొదట గమనించింది మా అమ్మ. ఈ పడవల వ్యాపారాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో మొదలుపెట్టినవాడు దొరాబ్జీ నౌరోజీ అనే పార్సీ అని చెబితే ఆవిడ ముఖం వెలిగిపోయింది. 1966లో ఈ పడవ టికెట్టును ఐదు సెంట్లు పెంచినందుకు నగరంలో అల్లర్లే జరిగాయి. ఆరు రోజుల్లో మేము ఏడుసార్లు ఎక్కాము, అందులో మూడుసార్లు అవతల పని ఏమీ లేకుండానే.

రాత్రి 8 గంటలకు హార్బరుకు రెండు వైపులా భవనాల మీద దీపాల ప్రదర్శన ఉంటుంది, అది ఉచితం. దాని గురించి ఎంతో విని వెళ్ళిన మాకు ఆ పది నిమిషాలు ఓ మోస్తరుగా అనిపించాయి. ప్రదర్శన ముగిసి జనం పలచబడ్డాక, రోజూ వెలిగే మామూలు దీపాలే నీటిలో ఇంకా బాగున్నాయి. చిమ్‌ షా చుయ్‌ రేవు పక్కనే ఉన్న 44 మీటర్ల గడియారం గోపురం, 1978లో పడగొట్టిన పాత రైల్వే స్టేషనులో మిగిలిన భాగం.

552 మీటర్ల విక్టోరియా శిఖరం పైభాగానికి అందరూ 1888 నుంచి నడుస్తున్న పీక్‌ ట్రామ్‌ అనే కొండ రైలులో వెళతారు. మేము సెంట్రల్‌ నుంచి 15వ నంబరు బస్సులో వెళ్ళాము. దారంతా మలుపులే గనుక, ప్రయాణంలో వాంతులయ్యేవారికి మాత్రం ఇది చెప్పను. పైన టికెట్టు కొని ఎక్కే డాబా ఒకటి ఉంది, దాని అవసరం నాకు కనబడలేదు. లుగార్డ్‌ రోడ్డు అనే కాలిబాట మీద పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే చెట్లు తొలగి, హార్బరు మొత్తం, అవతలి కౌలూన్‌ కొండల దాకా కాళ్ళ కింద పరుచుకుంటుంది. దారి దాదాపు చదునుగా ఉండడం వల్ల అమ్మకు ఎక్కడా ఆయాసం రాలేదు.

డైమండ్‌ హిల్‌లోని చీ లిన్‌ సన్యాసినుల మఠానికి, దాని ఎదుట ఉన్న నాన్‌ లియన్‌ తోటకు ఒక పూట పూర్తిగా కేటాయించాలి. రెండింటికీ రుసుము లేదు. చైనాను ఏలిన తాంగ్‌ వంశ కాలపు పద్ధతిలో 1998లో తిరిగి కట్టిన ఈ మఠంలో దూలాలను, స్తంభాలను ఇనుప మేకులు లేకుండా, ఒక చెక్కలో మరో చెక్కను కూర్చి నిలబెట్టారు. మా తాతగారు వడ్రంగం చేసేవారు కాబట్టి, అమ్మ ఆ కీళ్ళను చూస్తూ అరగంట కదలలేదు. చుట్టూ నలభై అంతస్తుల నివాస భవనాలు తొంగిచూస్తున్నా లోపల ఎవరూ గొంతు పెంచరు. తోటలో జలపాతం వెనుక ఉన్న శాకాహార భోజనశాలలో ధర కొంచెం ఎక్కువే. మామూలు హోటళ్ళలో ఉత్త ఆకుకూర అడిగినా అందులో ఆల్చిప్పల మాంసంతో చేసే ఆయిస్టర్‌ సాస్‌ పడే అవకాశం ఉన్న ఊరిలో, ఏమీ అడగకుండా తినగలిగిన ఆ భోజనానికి ఆ ధర నాకు భారమనిపించలేదు.

నార్త్‌ పాయింట్‌కు మారాక 1904 నుంచి నడుస్తున్న రెండంతస్తుల ట్రామ్‌లతో మాకు కాలం గడిచింది. వెనుక నుంచి ఎక్కి, ముందు నుంచి దిగుతూ డబ్బు చెల్లించాలి. ఎంత దూరమైనా ఒకటే టికెట్టు. చున్‌ యుంగ్‌ వీధిలో కూరగాయల, చేపల దుకాణాల నడుమ నుంచే ట్రామ్‌ నెమ్మదిగా గంట కొడుతూ సాగుతుంటే, బుట్టలు పట్టుకున్నవాళ్ళు పక్కకు జరిగి మళ్ళీ బేరంలో పడిపోతారు. ఆదివారం సెంట్రల్‌లో దిగితే, సెలవు దొరికిన వేలాది ఫిలిప్పీన్స్‌ ఇంటిపనివారు అట్టలు పరుచుకుని, అన్నం పంచుకుని, జుట్టు దువ్వుకుంటూ రోడ్ల పక్కన, వంతెనల కింద కూర్చుని కనిపిస్తారు. దీన్ని చూడదగిన చోట్ల జాబితాలో రాయడానికి నాకు మనసొప్పలేదు, అయినా చెప్పకుండా ఉండలేను.

చివరి రోజు లాంటావ్‌ ద్వీపంలోని బుద్ధ విగ్రహానికి వెళ్ళాము. తుంగ్‌ చుంగ్‌ నుంచి 5.7 కిలోమీటర్ల కేబుల్‌ కారుకు రానుపోను మనిషికి 250 డాలర్లు దాటుతుంది, 23వ నంబరు బస్సుకు అందులో చిన్న భాగం చాలు. మేము వెళ్ళేటప్పుడు కేబుల్‌ కారు, వచ్చేటప్పుడు బస్సు ఎక్కాము. సముద్రాన్ని, విమానాశ్రయాన్ని పై నుంచి చూడాలంటే ఒకవైపు ఆ డబ్బు పెట్టవచ్చు. 34 మీటర్ల కంచు విగ్రహం దగ్గరకు 268 మెట్లు. కింద కూర్చుంటావా అని అడిగితే, తిరుమల మెట్లు ఎక్కినదానికి ఇదొక లెక్కా అని అమ్మ ముందు నడిచింది. సగం దారిలో మా ఆవిడే కూర్చుండిపోయింది.