మూడు నెలల ‘జుట్టు కోర్సు’ కొనబోయే మన సరిహద్దు తెలుగువారికి హెచ్చరిక

బట్టతలకు ప్రకృతి వైద్యమంటూ లాడ్జి గదుల్లో రెండు రోజులు శిబిరం పెట్టి, మందులు అంటగట్టి, మూడో రోజుకు ఊరు మారే ఒక బృందం దగ్గర ఒడిశాలోని పర్లాకిమిడిలో నేను 6,800 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి అటుంచితే, వారిచ్చిన మాత్రల కారణంగా నాకు లేని థైరాయిడ్ జబ్బు రక్తపరీక్షలో కనిపించి, పది రోజుల పాటు ఇంటిల్లిపాదీ బెంగపడ్డాం. నేనిది రాయడానికి అసలు కారణం ఆ రెండో సంగతే.

నా వయసు 36. మా నాన్నగారికీ, మేనమామలిద్దరికీ బట్టతల ఉంది కాబట్టి, ముప్పై దాటాక నుదుటికి రెండు వైపులా జుట్టు వెనక్కు జరుగుతుంటే నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. అయితే నిరుడు శ్రావణంలో వారం రోజులు తీవ్రంగా జ్వరం వచ్చి తగ్గాక, రెండు నెలలు తిరిగేసరికి దువ్వెన పెడితే చాలు గుప్పెడు వెంట్రుకలు రావడం మొదలైంది. సరిగ్గా అప్పుడే శిబిరం కరపత్రం చేతికందింది. ఒడియా బోర్డుల మధ్య చక్కటి తెలుగులో పలకరించేవారు కనిపిస్తే మనకు సగం నమ్మకం అక్కడే కుదిరిపోతుంది. ఆ బలహీనత వారికి బాగా తెలుసు. పెళ్లయిందా అని అడిగారు. అయి తొమ్మిదేళ్లయిందని చెబితే కాస్త నిరుత్సాహపడ్డారు. తరువాత చిన్న కెమెరాను తలకు ఆనించి, తెర మీద కుదుళ్లు చూపించి, అవి మూసుకుపోయాయని, మరో ఆరు నెలలు ఆగితే ఇక తెరుచుకోవని చెప్పారు. ఒక డబ్బా మాత్రలు, రెండు సీసాల నూనె, పేరేదీ లేని ఒక పొడి పొట్లం ఇచ్చి, మొదటి నెలలో రాలడం తగ్గుతుందని, మూడో నెలకు కొత్త జుట్టు వస్తుందని, రాకపోతే డబ్బు వాపసు ఇస్తామని నోటిమాటగా హామీ ఇచ్చారు.

రాలడం నిజంగానే తగ్గింది. ఆ ఉత్సాహంలో నేను మరో ఇద్దరు మిత్రులకు కూడా ఈ కోర్సు గురించి చెప్పాను. ఇప్పుడు వారికి ముఖం చూపించలేకపోతున్నాను. తీవ్రమైన జ్వరం తరువాత రెండు మూడు నెలలకు జుట్టు ఒక్కసారిగా రాలి, సాధారణంగా ఆరు నెలల్లో తనంతట తానే సర్దుకుంటుందని, ఆ సమయంలో కొబ్బరినూనె రాసుకున్నా దానికే పేరు వచ్చేదని బరంపురంలో చర్మవైద్యుడు చెప్పేదాకా నాకు తెలియదు. నుదుటి పక్కల ఖాళీ మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. తలవెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి, ఏ చికిత్స పనిచేసిందో లేదో మూడు నెలల్లో తేల్చుకోవడం కష్టమని కూడా ఆయనే చెప్పారు. కోర్సును సరిగ్గా మూడు నెలలకు ఎందుకు కుదించారో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక పరీక్ష సంగతి. జుట్టు రాలడానికి థైరాయిడ్ కారణమేమో చూద్దామని మొదట నేను చూపించుకున్న వైద్యుడు రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను టీఎస్‌హెచ్ బాగా తక్కువగా, ఆ గ్రంథి తయారుచేసే హార్మోను టీ4 ఎక్కువగా వచ్చాయి. అంటే గ్రంథి అతిగా పనిచేస్తోందని లెక్క. గుండెదడ లేదు, బరువు తగ్గలేదు, చేతులు వణకడం లేదు. చర్మవైద్యుడు నా మాత్రల డబ్బా తిప్పి చూసి, ఒక్కో మాత్రలో 10,000 మైక్రోగ్రాముల బయోటిన్ అనే బి విటమిన్ ఉందని చూపించారు. అమెరికా పోషకాహార ప్రమాణాల ప్రకారం పెద్దవారికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు; నేను మింగినది దానికి మూడు వందల రెట్లకు మించినది. కొన్ని రక్తపరీక్షల పద్ధతి బయోటిన్ మీదే ఆధారపడి ఉంటుంది కనుక, రక్తంలో అది ఇంతగా ఉంటే ఫలితం తారుమారవుతుందట. వారం రోజులు మాత్రలు ఆపి మళ్ళీ పరీక్ష చేయిస్తే అన్నీ మామూలుగానే వచ్చాయి. ఈ ప్రమాదం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017 నవంబరులోనే హెచ్చరించింది. గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ విలువ కూడా ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చని అందులో ఉంది. కాబట్టి ఏ జుట్టు మాత్ర వాడుతున్నా, రక్తం ఇచ్చే ముందు ఆ మాట ల్యాబులోనూ, వైద్యుడికీ తప్పక చెప్పండి.

ప్రకృతి సిద్ధమైనవన్నీ మోసమని నేను అనడం లేదు. మా అమ్మ ఇప్పటికీ గుంటగలగరాకు, ఉసిరి వేసి నూనె కాస్తుంది. తల చల్లగా ఉంటుంది, జుట్టు మెత్తబడుతుంది, అంతకుమించి ఆమె ఏమీ ఆశించదు. మగవారి బట్టతలకు మూలం వారసత్వం, డీహెచ్‌టీ అనే హార్మోను. అది కుదుళ్లను ఏళ్ల తరబడి కుంచింపజేస్తుంది. బయోటిన్ లోపం లేనివారికి బయోటిన్ ఇస్తే ఆ పని ఆగదు. నా డబ్బాలో ఉన్న సా పామెట్టో అనే అమెరికా తాటిజాతి మొక్క పండ్ల సారం ఆ హార్మోనును అడ్డుకుంటుందని అమ్మకందార్లు చెబుతారు గానీ, జుట్టు విషయంలో జరిగినవి చిన్న పరీక్షలే. రోజ్‌మేరీ నూనె, బట్టతలకు తలకు రాసే మందైన 2 శాతం మినాక్సిడిల్‌తో సమానంగా పనిచేసిందని 2015లో ఇరాన్‌లో 100 మంది మగవారి మీద జరిగిన పరీక్షను కరపత్రంలో వేశారు. ఏ మందూ లేని నూనె రాసిన మూడో గుంపు అందులో లేదన్న సంగతి వేయలేదు. ఉల్లిరసం పరీక్ష 2002లో జరిగింది పేనుకొరుకుడు మీద. బట్టతల వేరు, అది వేరు. మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ మందులకు ఆధారం బలంగా ఉన్నా, వాటికీ దుష్ప్రభావాలున్నాయి, ఆపితే ఫలితమూ పోతుంది. అవి వైద్యుడితో మాట్లాడి తేల్చుకోవలసినవి.

డబ్బు వాపసు అడిగితే, పొడిని పరగడుపున వేసుకోలేదు కాబట్టి హామీ చెల్లదన్నారు. ఆ తరువాత ఫోను ఎత్తడం మానేశారు. పొట్లం మీద లైసెన్సు నంబరు గానీ, బ్యాచి నంబరు గానీ, అందులో ఏముందో గానీ లేదు. అలాంటిది ఎంత మధురంగా తెలుగు మాట్లాడి ఇచ్చినా తీసుకోకండి. మన ఔషధ నియమావళిలోని జె షెడ్యూలులో బట్టతల కూడా ఉంది. ఆ జాబితాలోని జబ్బులను నయం చేస్తుందని ఏ మందు మీదా చెప్పుకోకూడదు. అమ్మినవారి చిరునామా ఆంధ్రాలో ఉందని నేను మొదట వెనకాడాను. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, సరుకుకు చెల్లించింది 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు, గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి నమోదు చేయించాను. ఇదే సరుకు కొన్నవారు మిగిలిన మాత్రలను, ఖాళీ సీసాలను, తెల్లకాగితం మీద రాసిచ్చిన చీటీని సైతం పారేయకుండా దాచి ఉంచండి.