పదకొండు వేల వైడ్ లెన్స్‌తో ఆరేళ్లు

కడపలో మా వైపు పెళ్లి ఫంక్షన్ హాల్లో జరిగినా, పెళ్లికూతుర్ని చేసేది మాత్రం ఇంట్లోనే. అదీ పదడుగుల గదిలో. ఆ గదిలో ఒక మంచం, ఒక బీరువా, పీట మీద పెళ్లికూతురు, చుట్టూ పది పన్నెండు మంది ఆడవాళ్లు, నలుగు గిన్నెలు, మధ్యలో పాకే పిల్లోడు. కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్ 18కి తిప్పి (ఈ ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు పడుతుంది) గోడకు వీపు ఆనించినా పీట పడితే అత్త పడదు, అత్త పడితే మేనత్త పడదు. ఒకసారి బీరువా తలుపు తీసి, చీరల మధ్యకు సగం దూరి ఫోటో తీశాను. ఆ ఇంటి పెద్దావిడ ఇప్పటికీ బజార్లో కనబడితే "బీరువా ఫోటోగ్రాఫరు" అంటుంది.

ఆ అవమానంతోనే వైడ్ లెన్స్ కొన్నాను. కెనాన్ 10-18 ఎంఎం, ఎఫ్ 4.5-5.6 (ఈ అంకె చిన్నదైతే లోపలికి వెలుగు ఎక్కువ), ఐఎస్ (చెయ్యి వణుకును సర్దే ఏర్పాటు), ఎస్‌టీఎం (ఫోకస్ మోటారు రకం). 2014లో వచ్చిన లెన్స్ ఇది. నాకు సెకండ్ హ్యాండ్‌లో 11,000 రూపాయలకు దొరికింది. కెమెరా బాడీ కెనాన్ 700డి. మాది పాస్‌పోర్టు ఫోటోలు, ఫ్రేములు, ముహూర్తాలుంటే పెళ్లిళ్లు చేసే చిన్న స్టూడియో. కాబట్టి ల్యాబ్‌లో చార్టు ముందు పెట్టి చూసిన రివ్యూ కాదిది. ఆరేళ్లు సంచిలో తిరిగిన లెన్స్ సంగతి.

కొత్తవాళ్లు ముందు అడిగేది ఒక్కటే: "18కీ 10కీ ఎనిమిది మిల్లీమీటర్లేగా, దానికింత డబ్బా?" టెలిఫోటో వైపు ఎనిమిది మిల్లీమీటర్లు ఒక లెక్క కాదు. ఇటువైపు మాత్రం అదే ప్రాణం. మా కెమెరాల సెన్సార్ వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు. గోడకు పదడుగుల దూరంలో నిలబడితే 18 దగ్గర ఆ గోడ పన్నెండు అడుగుల మేర పడుతుంది. 10కి తిప్పితే ఇరవై రెండు అడుగులు పడుతుంది. అంటే గదిలో గోడ పడగొట్టకుండానే పక్క గది కలిసొచ్చినట్టు. తూకం 240 గ్రాములు. పాల ప్యాకెట్‌లో సగం. మెడకు వేసుకుని సాయంత్రం దాకా తిరిగినా నొప్పి ఉండదు.

మొదటి వారమే గండికోటకు పట్టుకెళ్లాను. పెన్నా లోయ మొత్తం ఒక్క ఫ్రేములో పట్టాలని రెండేళ్ల కోరిక. పొద్దున్నే అంచున నిలబడి, 10కి తిప్పి, వరసబెట్టి నలభై తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే అంత లోతు లోయ కాస్తా పంటకాలవలాగ పడింది. పైన ఆకాశం బోలెడు, కింద బండ బోలెడు, నడుమ ఒక నీళ్ల గీత. అంతా పట్టింది, కానీ అన్నీ చిన్నవైపోయాయి. లెన్స్ మోసం అనుకున్నాను. పదకొండు వేలు పోయాయని రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు, చూద్దాంలే అని అంచున ఒక ఎర్ర బండ ముందు కూర్చుని తీశాను. ఈ లెన్స్ 22 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. ఆ కొలత సెన్సార్ నుంచి. లెన్స్ ముందు అద్దం నుంచి చూసుకుంటే బెత్తెడు మీద రెండు వేళ్లు. అంత దగ్గరికి పోతే బండ మీది పొరలు, పగుళ్లు, అందులో ఎండిన గడ్డిపోచ ఒకటి, అన్నీ ఫ్రేము కింది సగం నిండా వచ్చాయి. వాటి వెనక లోయ దిగబడుతూ పోయింది. చూసేవాడికి కాళ్లు జివ్వుమనే లోతు అప్పుడు కనబడింది. అప్పటినుంచి వైడ్ తీశానంటే ముందు ఏం పెట్టాలా అని వెతుకుతాను. దొరక్కపోతే కిట్ లెన్సే వేస్తాను. ఎపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం, అదే ఎఫ్ అంకె) 8 దగ్గర పెడితే ముందు బండా వెనక లోయా రెండూ దాదాపు షార్పుగా వస్తాయి. 16కి పోతే లాభం లేదు, మొత్తం కాస్త మెత్తబడుతుంది. పైగా ముందు అద్దం మీది దుమ్ము ఎండకు చుక్కలుగా తేలుతుంది.

కోటలోపలి జామియా మసీదు దగ్గర ఇంకో పాఠం. మినార్లు పూర్తిగా పట్టాలని కెమెరా కొంచెం పైకెత్తితే చాలు, రెండూ ఒకదాని మీదికొకటి వాలి ముచ్చట్లు చెప్పుకుంటున్నట్టు వస్తాయి. కెమెరా తిన్నగా పెట్టి, కింద ఎక్కువ నేల పడనిచ్చి, తర్వాత ఆ నేలను కత్తిరించడం మేలు. 700డిలో 18 మెగాపిక్సెల్స్ ఉన్నాయి కాబట్టి కత్తిరించినా పన్నెండు బై పద్దెనిమిది ప్రింటుకు ఢోకా ఉండదు.

ఇక మనుషులు. ఇక్కడే నాకు చీవాట్లు పడ్డాయి. కొత్త మోజులో ఒక గ్రూప్ ఫోటో 10లో తీశాను. మధ్యలో ఉన్నవాళ్లంతా బాగున్నారు. కుడి చివర నిలబడిన పెళ్లికొడుకు పిన్నమ్మ భుజం, చెయ్యి పక్కకు సాగిపోయాయి. ఆల్బమ్ చూపించిన రోజు ఆమె అందరిముందూ అడిగింది: "ఏందప్పా ఇది, నా చెయ్యి రోకలిబండ మాదిరుంది?" ఇది లెన్స్ లోపం కాదు. ఇంత వెడల్పు దృశ్యాన్ని చదునైన ఫోటోలోకి దించితే అంచుల్లో ఉన్నది సాగక తప్పదు. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఇంతే. ఆ పిన్నమ్మకు ఇదంతా చెప్పలేను కదా. ఆ పేజీ మళ్లీ నా డబ్బుతో ప్రింట్ చేయించి ఇచ్చాను. ఇప్పుడు గ్రూప్ అంటే 15 దాటి తిప్పుతాను. గది మరీ చిన్నదైతే అంచుల్లో మనుషుల్ని కాకుండా తలుపునో, అరటి పిలకనో ఉంచుతాను. అరటిచెట్టు లావైతే ఎవరూ అడగరు.

నలుగు గదిలో మాత్రం ఇది బంగారం. పీటకు మూడడుగుల దూరంలో, నేలకు దగ్గరగా కూర్చుని తీస్తే పెళ్లికూతురి ముఖం నడుమన పడుతుంది. చుట్టూ ఉన్న చేతులన్నీ పసుపుతో ఆమె వైపు వస్తున్నట్టు ఉంటుంది. కెమెరా మీది ఫ్లాష్ మాత్రం లేపొద్దు. దాని వెలుగు 17 ఎంఎం దాకానే పరుచుకుంటుంది. 10లో మూలలన్నీ చీకటి, కింద లెన్స్ నీడ అర్ధచంద్రంలా పడుతుంది. బయటి ఫ్లాష్ పెట్టి కప్పుకు కొట్టి తీయాలి. కప్పుకు నీలం రంగు వేసిన ఇల్లయితే పెళ్లికూతురు కూడా నీలమే అవుతుంది, అది వేరే బాధ.

నేను అనుకోని చోట దీని డబ్బులు తిరిగొచ్చాయి. అమ్మకానికి, బాడుగకు పెట్టిన ఇళ్లు, లాడ్జి గదులు. నెట్‌లో పెట్టడానికి ఫోటోలు కావాలని ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. అందరిదీ ఒకటే మాట: "కొంచెం పెద్దగా కనబడేట్టు తీయన్నా." 10 దగ్గర మూలలో నిలబడి తీస్తే వంటగది కల్యాణ మంటపం అవుతుంది. మొదట్లో అలాగే ఇచ్చాను. ఒకరోజు ఓనరుతో మాట్లాడుతుండగానే ఇల్లు చూడటానికి వచ్చినాయన ఫోన్లో నా ఫోటో, ఎదురుగా గది మార్చి మార్చి చూసి, "ఇందులో ఉండే సోఫా ఇక్కడ పడుతుందా?" అన్నాడు. నేను మెల్లగా ట్రైపాడ్ మడిచాను. ఇప్పుడు గదులకు 13, 14 దగ్గర ఆపుతాను. ఓనర్లు కొంచెం మూతి ముడుస్తారు, ముడవనీ.

వెలుతురు తక్కువ ఉన్నచోట దీని సంగతి విడిగా చెప్పాలి. నా స్నేహితుడి దగ్గర టోకినా 11-16 ఉంది, మొదటినుంచి చివరిదాకా ఎఫ్ 2.8. నాది 10 దగ్గర 4.5తో మొదలై 18కి వచ్చేసరికి 5.6 అవుతుంది. అంటే జూమ్ చివర అతనికి నాకన్నా నాలుగింతల వెలుగు వస్తుంది. కానీ అతని దానికి ఐఎస్ లేదు, నాకు ఉంది. కంపెనీ లెక్కలో నాలుగు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కు షట్టర్ రెట్టింపు సేపు తెరిచి ఉంచొచ్చు). లేపాక్షికి ఇద్దరం కలిసి వెళ్లాం. అక్కడ కప్పు మీది రంగు బొమ్మలే అసలు ఆస్తి. రక్షిత కట్టడం కాబట్టి అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టకూడదు. అతను ఐఎస్‌ఓ (తక్కువ వెలుగులోనూ ఫోటో పడేలా పెంచే సెట్టింగ్) పెంచుకుంటూ పోయాడు. నేను 400 దగ్గర ఉంచి, సెకనులో నాలుగో వంతు షట్టర్‌తో, ఊపిరి బిగబట్టి చేతిలోనే తీశాను. ఐదింటిలో మూడు కదలకుండా వచ్చాయి. తర్వాత తెలివొచ్చి, చేతిరుమాలు పరిచి కెమెరాను వెల్లకిలా నేలమీద పెట్టాను. స్క్రీన్ పక్కకు తిప్పుకుని, రెండు సెకన్ల టైమర్ నొక్కి పక్కకు తప్పుకున్నాను. మెడ నొప్పి లేదు, షేక్ లేదు, కప్పు తిన్నగా వచ్చింది. ఇలా నేలమీద పెట్టినప్పుడు ఐఎస్ ఆపేయండి.

అదే ఒంటిమిట్ట కల్యాణం రోజు లెక్క తిరగబడింది. అక్కడ సీతారాముల కల్యాణం రాత్రిపూట. జనం కదులుతూనే ఉంటారు, చేతులు పైకి లేస్తాయి, అక్షింతలు ఎగురుతాయి. నా చెయ్యి వణకకుండా ఐఎస్ ఆపుతుంది కానీ, ఎదుటివాళ్ల చేతుల్ని ఆపదు కదా. 700డిలో ఐఎస్‌ఓ 3200 దాటితే రవ్వ మాదిరి గ్రెయిన్. ఆ రాత్రి నా స్నేహితుడి ఫోటోలే పేపరువాళ్లు తీసుకున్నారు. నేనేం నొచ్చుకోలేదు అంటే అబద్ధం. రాత్రి బరాత్‌లు, డ్యాన్సులు మీ ప్రధాన పని అయితే ఈ లెన్స్ కొనకండి.

బెలూం గుహలకు తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. కారులో ఏసీ పెట్టుకుని వెళ్లి నేరుగా లోపలికి దిగితే, ఆ ఉక్కకు చల్లటి అద్దం మీద వెంటనే ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. చివరి అరగంట సంచిని ఏసీకి దూరంగా డిక్కీలో పెట్టి, దిగాక కూడా కొంతసేపు జిప్ తీయకుండా ఉంచితే సరిపోతుంది. నాకు మొదటి ట్రిప్పులో సగం ఫోటోలు పొగమంచు సీన్‌లా వచ్చాయి.

ఒళ్లంతా ప్లాస్టిక్కే, బాడీకి తగిలించే మౌంట్‌తో సహా. దుమ్ము, నీళ్లు ఆపే సీలింగ్ లేదు. ఎర్రగుంట్ల వైపు ఒక నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో రెండు రోజులు పనిచేశాక లోపల సన్నటి దుమ్ము రేణువులు చేరాయి. టార్చ్ వేస్తే కనబడతాయి, ఫోటోల్లో ఇంతవరకు కనబడలేదు. హుడ్ (లెన్స్ ముందు తగిలించే తొడుగు) పెట్టెలో రాదు, విడిగా కొనాలి. నేను 300 పెట్టి లోకల్‌ది కొన్నాను. మా చిన్నోడు బెల్టు పట్టి లాగి కెమెరాను బల్ల మీంచి కింద పడేసినప్పుడు ఆ హుడ్ రెండు ముక్కలైంది, లెన్స్‌కు గీత కూడా పడలేదు. మళ్లీ అలాంటిదే కొన్నాను.

చిరాకు పెట్టేది ఒకటుంది. ఫోకస్ రింగ్ నేరుగా అద్దాల్ని కదపదు, మోటారుకు చెబుతుంది. కెమెరా ఆఫ్ అయినా, నిద్రలోకి పోయినా రింగ్ తిప్పితే ఏమీ కాదు. దూరాలు చూపించే స్కేలు కూడా లేదు. గండికోటలో రాత్రి నక్షత్రాలు తీద్దామని కూర్చున్నప్పుడు, చీకట్లో లైవ్ వ్యూలో, అంటే కెమెరా స్క్రీన్ మీద, ఒక చుక్కను పదింతలు పెద్దది చేసి ఫోకస్ కుదుర్చుకోవాలి. కుదిరింది కదా అని కెమెరా ఆపేసి టీ తాగి వస్తే మళ్లీ మొదటికి.

ఇది ఈఎఫ్-ఎస్ లెన్స్, అంటే మాలాంటి చిన్న సెన్సార్ కెమెరాలకు చేసింది, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఎక్కదు. కెనాన్ ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్‌కు అడాప్టర్‌తో ఎక్కుతుంది. నైకాన్ వాళ్లకు 10-20 వీఆర్ (వాళ్ల ఐఎస్ పేరు) ఉంది, ఇంచుమించు ఇదే రకం. కానీ అది ఏఎఫ్-పి (నైకాన్ కొత్త ఫోకస్ మోటారు) రకం, కొన్ని పాత బాడీలతో అసలు పనిచేయదు, మీ మోడల్ సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి. సెకండ్ హ్యాండ్ అయితే రెండు వైపులా మూతలు తీసి, వెనకనుంచి ఫోన్ టార్చ్ కొట్టి సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో చూడండి. తర్వాత ఐఎస్ ఆన్ చేసి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నటి గుర్రు వినిపిస్తే పర్వాలేదు, కటకటమంటే వదిలేయండి. నేను కొనేముందు ఒక షాపులో వదిలేసిన లెన్స్ అలాంటిదే. వాళ్లు దానికి చెప్పిన ధర నేను పెట్టినదానికన్నా రెండు వేలు ఎక్కువ.